రాజామణి వేసిన ముడి

తిరుత్తణిలో చిత్తూరు రోడ్డు పక్కన ఉన్న నేతవీధిలో ఎవరి మగ్గం మీద పడుగు అయిపోయినా ముందు రాజామణికే కబురు పోయేది. ఒక పడుగు నేయడం ముగిశాక, పోగులను విడదీసి పట్టుకునే దువ్వెన లాంటి అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి ముడివేయాలి. వేలకొద్దీ పోగులు. ఒక్క ముడి జారినా బట్టలో గీత పడుతుంది. దీన్ని అచ్చు అతకడం అంటారు. పావడా కట్టుకునే వయసునుంచి రాజామణి చేసిన పని ఇదొక్కటే.

ఆమె ముడివేస్తుంటే వేళ్ళు కదిలినట్టే కనిపించవు. ఒక పోగును వంచుతుంది. రెండోదాన్ని ఆ వంపులోనుంచి పైకి తెచ్చి, వెనకనుంచి చుట్టి, దాని కిందనే దూర్చి లాగుతుంది. మిగిలిన కొసను గోటితో తెంపుతుంది. పంటితో తెంపేవాళ్ళంటే ఆమెకు గిట్టదు.

"నోరుండేది తినేదానికి. పంటితో చేస్తే పని గూడా ఎంగిలే" అనేది.

ఒకప్పుడు పెళ్ళయింది. మొగుడిది పళ్ళిపట్టు వైపు. ఏడాది తిరక్కముందే అతను ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఆ రోజు మగ్గం మీద పడుగు సగమే అతికి ఉంది. రాజామణి కూర్చుని మిగతా సగం అతికి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, పుట్టింటికి వచ్చేసింది. ఈ సంగతి ఆమే అందరికీ చెప్పేది, గొప్పగా. అప్పటినుంచి తమ్ముడు వరదరాజులు ఇంట్లో ముందుగది ఆమెది. వరదరాజులుది షేర్ ఆటో. భార్య పోయింది. కూతురు మనీష తిరువళ్ళూరులో పెంపుడు జంతువుల మందులూ తిండీ అమ్మే అంగట్లో పని చేస్తుంది, రోజూ రైల్లో పోయివస్తుంది.

రాజామణి నోరు మంచిది కాదు. ఎదురింటి కోడలు కవిప్రియ ఆమె దగ్గర పని నేర్చుకుందామని వచ్చింది. మొదటివారంలోనే, మగ్గాల షెడ్డులో అందరూ చూస్తుండగా, రాజామణి ఆ పిల్ల వేసిన ముడులను ఒక్కొక్కటే గోటితో లాగి విప్పింది.

"ఇది ముడినా, ముక్కుచీమిడినా? నీ మొగుడు కట్టిన తాళి గూడా ఇట్లే ఉండాదేమో చూసుకో పో" అంది.

కవిప్రియ ఏడుస్తూ లేచిపోయింది. మళ్ళీ మగ్గం ముట్టలేదు. ఆ మాట మాత్రం వీధిలో చాలాకాలం నవ్వుకోవడానికి పనికొచ్చింది. మొదట నవ్వినవాడు జగన్నాథన్. రోడ్డుకు అవతల వైపు మరమగ్గాల షెడ్డు అతనిదే. రాజామణికి ఎక్కువ పని అక్కడే.

కుక్కపిల్లను తెచ్చింది మనీష. ఎవరో అట్టపెట్టెలో పెట్టి అంగడి ముందు వదిలేసి పోయారట.

"దీన్ని తీసుకపోయి రైలుపట్టాల మీద పెట్టు. మనకే తిండి సరీగ్గా లేదు" అంది రాజామణి.

"రెండు దినాలు ఉండనీ అత్తా. ఎవురన్నా అడిగితే ఇచ్చేస్తాను."

రెండు రోజులు కాకముందే ఆ పిల్ల నూలు చుట్టిన కండెనొకదాన్ని నోట కరుచుకుని వీధిలో పరుగెత్తింది. దారం ఊడుతూ ఒక గుమ్మంలోనుంచి ఇంకో గుమ్మంలోకి, పాలవాడి సైకిలు చక్రంలోకి చుట్టుకుంది. పాలవాడు పడ్డాడు. రాజామణి నవ్వింది. ఆమె నవ్వితే ఎట్లా ఉంటుందో వీధి అప్పుడే చూసింది. కుక్కకు కండె అని పేరుపెట్టింది. ఎవరైనా అడిగి తీసుకుపోతారన్న మాట మనీష మళ్ళీ ఎత్తలేదు.

పనికి పోవాలంటే రాజామణి పెద్దరోడ్డు దాటాలి. తిరుపతి బస్సులు, కంకర టిప్పర్లు, కొండ మీది గుడికి వచ్చే వాన్లు. రోడ్డు నడిమి గోడలో ఒకచోట సందు ఉంది. అందరూ అక్కడే దాటతారు. వీధికుక్కలు కూడా అక్కడే దాటతాయి. పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్ళు పారతో గీకి ఎత్తుకుపోయేదీ అక్కడే. కండెను ఇంట్లో వదిలితే అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. అందుకని ఆమె దాన్ని మెడకు నూలుతాడు కట్టి వెంట తీసుకుపోయేది. రోడ్డు అంచున కూర్చోవడం నేర్పింది. "ఊ" అనేదాకా లేవకూడదు. ఆ నేర్పడంలో కొన్ని దెబ్బలు పడ్డాయి. కుక్క నేర్చుకుంది.

కండె పెరిగింది. సన్నటి తల, లావు మెడ. ఒకరోజు రోడ్డు అంచున టిప్పరు హారన్ కొడితే బెదిరి వెనక్కి లాగింది. తల ఉచ్చులోనుంచి జారి బయటికి వచ్చేసింది. రాజామణి తోకపట్టి ఆపింది. ఆ సాయంత్రం సంగతి విని మనీష, మరుసటి రోజు అంగడినుంచి రొమ్ముకు వేసే బెల్టు తెచ్చింది.

"మెడకు కట్టినామంటే వెనక్కి తగ్గి తల లాగేసుకుంటాది అత్తా. ఇది రొమ్ముకు, వీపుకు వస్తాది. బెల్టుకూ వొంటికీ నడాన రెండేళ్ళు దూరేంత సందు ఉండాల. అంతకన్నా వద్దు. ఇదో, కొక్కీకి మర ఉండాది. తిప్పి బిగించినామంటే దానంతట అది తెరుచుకోదు. రోడ్డుకాడ పట్టీని చేతికి ఒక చుట్టు చుట్టుకో, పొట్టిగా పట్టుకో. నువ్వు రోడ్డు పక్కన, అది లోపల పక్కన."

"అయ్యిందా ఉపన్యాసం?"

"సుమ్మా, ఊరికే చెప్తా ఉండాను."

రాజామణి బెల్టును తిరగేసి కుట్లు చూసింది. నైలాను పట్టీ, అడ్డకుట్టు, నాలుగు వరసలు. గోటితో లాగింది. రాలేదు. "కుట్టు పరవాల్లేదు. ఎవురో పని తెలిసినోడే కుట్టినాడు" అంది. కొక్కీని మాత్రం నేలమీద కొట్టి చూసింది. "పోత ఇనుము. ఒక దినం పుటుక్కుమంటాది." అయినా దానితోనే నడిపించింది. కొక్కీ పుటుక్కుమనలేదు. ఆ వానాకాలమంతా కుక్క క్షేమంగా రోడ్డు దాటి వెళ్ళి, షెడ్డు గుమ్మంలో పడుకుని, క్షేమంగా తిరిగొచ్చింది.

తరువాత జగన్నాథన్ షెడ్డుకు ముడివేసే యంత్రం వచ్చింది.

చిన్న పెట్టె. చట్రానికి బిగించిన పడుగు మీద ఒక చివరనుంచి ఇంకో చివరకు టకటకమంటూ నడిచిపోతుంది. అది పోయిన దారంతా ముడులే. దాన్ని తెచ్చినవాడు పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. వీధంతా చూడ్డానికి వచ్చింది. రాజామణి కుక్కతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రా రాజామణీ, రా. నీ చెల్లెలు వచ్చిండాది. పని చేస్తాది, కాఫీ అడగదు, ఒకరి తాళి గురించి మాట్లాడదు" అన్నాడు జగన్నాథన్.

అందరూ నవ్వారు. కవిప్రియ కూడా ఉంది. ఆమె ఇంకొంచెం ఎక్కువసేపు నవ్వింది.

రాజామణి పడుగు దగ్గరికి పోయి ఒక ముడిని గోటితో లాగింది. ఇంకొకటి లాగింది. అక్కడొకటి, ఇక్కడొకటి, నడిమిలో ఒకటి. ఏదీ జారలేదు. వేరే రకం ముడి అయితే ఏదో ఒక వంక చెప్పేది. అది తన ముడే. అదే వంపు, అదే చుట్టు, అదే దూర్పు.

"ఏం? చీమిడి ఏమన్నా దొరికిందా?" అన్నాడు జగన్నాథన్.

"ఇనుముకు ముడివేసేది ఎవురో నేర్పినాడు, సరి. నీకు బుద్ధి నేర్పేది యాడన్నా దొరికితే అది గూడా కొను బావా."

"నాకెందుకు బుద్ధి, యంత్రం ఉండాది గదా. ఇంక నీ ముడి నీ కుక్కకే. పో, దానికి కట్టుకో."

రాజామణి ఇంటికి వచ్చింది. గోనెసంచిలో దాచుకున్న పడుగు కొసలను బయటికి తీసింది. అన్నీ పాలిస్టర్ పోగులు. వాటిని పాయలుగా పేని, ఎనిమిది పాయలు కలిపి జడలా అల్లింది. అల్లడానికి వారం పట్టింది. బొటనవేలంత లావు, పామువీపులా నున్నగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. నిజంగా మంచి తాడు. దానికి ఒక టిప్పరును కట్టి లాగినా తెగేది కాదు. అంగడి పట్టీనీ కొక్కీనీ విప్పి గూట్లో పడేసింది. బెల్టు వీపు మీద ఉన్న నైలాను ఉంగరంలోనుంచి తన తాడు కొసను తెచ్చి, వెనకనుంచి చుట్టి, దాని కిందనే దూర్చి లాగింది. తన ముడి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ముడి చెడ్డది కాదు. దాని ప్రాణం బిగువులో ఉంది. మగ్గం మీద పోగు ముందూ వెనకా ఎప్పుడూ లాగబడే ఉంటుంది. రాత్రి మగ్గం ఆపినా పోగు వదులు కాదు. అందుకే ఆ ముడి బట్టలో కలిసిపోయేదాకా నిలుస్తుంది. కుక్క తాడు అట్లాంటిది కాదు. కుక్క లాగుతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది, ఒళ్ళు విదుల్చుతుంది. బిగువు, వదులు, బిగువు, వదులు. వదులైన ప్రతిసారీ ముడి ఊపిరి పీల్చుకుంటుంది. నున్నటి తాడైతే, గట్టి నైలాను ఉంగరమైతే, ఇంకా త్వరగా. పడవ నడిపేవాడికి ఇది తెలుసు, గొడ్లను మేపేవాడికి తెలుసు. నేసేవాళ్ళకు తెలిసే అవసరం రాలేదు.

రాజామణి రోజూ ఇంటినుంచి బయలుదేరేముందు తాడును రెండుసార్లు గట్టిగా లాగి చూసేది. లాగితే ఆ ముడి బిగుస్తుంది. కాబట్టి లాగి చూసిన ప్రతిరోజూ ఆమెకు అది సరిగ్గానే కనిపించింది.

మనీషకు ఆదివారం సెలవు. తాడు చూసి, ముడి చూసింది. అంగట్లో ఇట్లాంటివి ఎన్నో చూసింది. విడిపించుకున్న కుక్కల కథలు చెప్పుకుంటూ ఏడ్చేవాళ్ళను కూడా చూసింది.

"కొక్కీ యాడ అత్తా?"

"గూట్లో ఉండాది. అతుకులపని చేసుకునేదాని ఇంట్లో కొక్కీ ఎందుకు?"

"తాడు బాగుండాది. తాడు అట్లే ఉండనీ. దాని కొసకు కొక్కీ కుట్టిస్తాను. నీ ముడి లాగితే నిలుస్తాది, ఊపితే నిలవదు."

"ఎన్నా? ఏమంటివి?"

మనీష తాడును కుక్క వీపు దగ్గర పట్టుకుని, వదులుగా, అటూ ఇటూ ఊపింది. కొంచెంసేపు ఏమీ కాలేదు. తరువాత తాడు కొస గోరంత వెనక్కి పోయింది. ఇంకా ఊపింది. ఇంకొంచెం పోయింది.

"చూడు."

రాజామణి చూసింది. చూసి, తాడు రెండో కొసతో మనీష చేతి మీద కొట్టింది. పాలిస్టర్ తాడు దెబ్బ ఎర్రగా తేలింది.

"వేళ్ళు పెట్టి వదులు చేసి నాకు చూపిస్తావా? నువ్వు పుట్టకముందునుంచి ఈ ముడి వేస్తా ఉండానే! ఒక్కటి జారిండాదా? పోయి అడుగు, ఈ వీధిలో ఒక్కడు చెప్పినా నా చెయ్యి నరుక్కుంటాను."

"అది మగ్గం అత్తా. ఇది కుక్క. రోడ్డు మీద నడిచే కుక్క."

"జగన్నాథన్ గాడు నేర్పించి పంపినాడా నిన్ను?"

సోమవారం పొద్దున రైలుకు పోయేముందు మనీష, కుక్క రొమ్ము కింద ఉన్న రెండో ఉంగరానికి ఒక చిన్న పట్టీ, కొక్కీ తగిలించి, దాని రెండో కొసను తాడుకు కుట్టేసింది. ముడి వదిలినా కొక్కీ పట్టుకుంటుంది. పైకి కనిపించదు. రోడ్డు మీద కుక్కను నడిపించేవాళ్ళు రెండు చోట్ల తగిలించడం మంచిదని ఆమె అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే.

రాజామణి వేళ్ళకు అది వెంటనే తగిలింది. కుక్కను జగన్నాథన్ షెడ్డు దాకా నడిపించుకుపోయి, గుమ్మం ముందు కూర్చుని, గోటితో ఆ కుట్టును ఒక్కొక్క పోగే తెంపి, కొక్కీని అందరూ చూస్తుండగా కాలువలో పడేసింది.

"నాకు ఇనుముతో పనిలేదు" అంది.

జగన్నాథన్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "తల్లీ, నువ్వూ నీ ముడీ నూరేళ్ళు బతకండి."

అప్పటినుంచి పని లేకపోయినా ఆమె రోజూ రోడ్డు దాటేది. షెడ్డు ముందునుంచి కుక్కను అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపించేది. తాడు మెరిసేది. కుక్క నిగనిగలాడేది. ఆమె షెడ్డు వైపు చూసేది కాదు. లోపల యంత్రం టకటకమంటూ ఉండేది.

కృత్తిక పండగ రోజు. పొద్దుటినుంచి కొండకు పోయే వాన్లు ఒకదాని వెనక ఒకటి. పసుపుబట్టలు, కావళ్ళు, మైకులు. రాజామణి రోడ్డు అంచున, సందు దగ్గర నిలబడింది. కండె నేర్పినట్టే కూర్చుంది. అవతల టీ అంగడి దగ్గర జగన్నాథన్, ఇద్దరు ముగ్గురు షెడ్డు పనివాళ్ళు ఉన్నారు.

"ఏం రాజామణీ, పనికి పోతావుండావా?" అని అరిచాడు అతను.

"నీ దినానికి వడ చేసేదానికి పోతావుండాను."

"వడ నడాన చిల్లి పెట్టేది మరిచిపోవద్దు. యంత్రం ఉండాది, కావల్సొస్తే పంపిస్తాను."

అవతల నవ్వులు. ఒక బస్సు పోయింది. ఆమె ఇంకో మాట వెతుక్కుంటూ ఉంది. కండెకు బెల్టు కింద దురదగా ఉన్నట్టుంది, వెనక కాలుతో గీరుకుంది. ఒళ్ళు విదుల్చింది. మళ్ళీ గీరుకుంది. తాడు దాని వీపు మీదనుంచి నేలకు వదులుగా వేలాడుతోంది. ఆమె ఇంటినుంచి బయలుదేరేముందు రెండుసార్లు లాగి చూసింది. ఆ తరువాత లాగలేదు. కుక్క కదలకుండా కూర్చుంటే లాగాల్సిన పని ఏముంది?

"మాట రాలేదా? నోట్లో గూడా ముడి పడిందా?" అన్నాడు జగన్నాథన్.

అప్పుడే వరదరాజులు ఆటో టీ అంగడి దగ్గర ఆగింది. స్టేషన్ నుంచి మనీషను తీసుకొస్తున్నాడు. అంగడి ఓనరు పండగని తొందరగా పంపేశాడట. ఆమె దిగి, రోడ్డు అవతల అత్తనూ కుక్కనూ చూసి, అలవాటుగా చెయ్యి ఎత్తింది.

కండె లేచింది. "ఊ" అనకముందే లేవడం అదే మొదటిసారి. రాజామణి తాడును పిడికిట్లో బిగించింది. చేతికి రావాల్సిన లాగుడు రాలేదు.

వాను బ్రేకు చప్పుడు తరువాత వినిపించింది. మొదట వినిపించింది వేరే చప్పుడు, మెత్తటిది. వాను దిగి డ్రైవరు ముందు దీపం చూసుకున్నాడు. పగల్లేదు.

"నాయె కట్టి వెక్క తెరియాదా?" కుక్కను కట్టి ఉంచడం తెలియదా అని అరవంలో రాజామణిని తిట్టాడు.

లోపలున్నవాళ్ళు కిటికీలోనుంచి చూసి, నుదుటి విభూతి తడుముకుని, దేవుడి పేరు చెప్పుకున్నారు. వెనకనుంచి హారన్లు. వాను కొండ వైపు పోయింది.

మనీష రోడ్డు మధ్య మోకాళ్ళ మీద ఉంది. కుక్క బతికే ఉంది. ముందు కాళ్ళతో లేవాలని చూస్తోంది. వెనక భాగం దాని మాట వినడం లేదు.

రాజామణి కుక్కను చూడలేదు. తన చేతిలోని తాడు కొసను చూసింది. చక్కగా, ఒక్క పోగు కూడా చెదరకుండా, కొంచెం వంకరతిరిగి ఉంది. జగన్నాథన్ రోడ్డు దాటి వస్తున్నాడు. అతను కూడా కుక్కను చూడలేదు. ఆమె చేతినే చూస్తున్నాడు. అతను దగ్గరికి రాకముందే ఆమె తాడును చుట్టి చంకలో పెట్టుకుంది.

"బెల్టు తెగింది" అంది, వీధికంతటికీ వినిపించేట్టు. "అంగడి బెల్టు. తెగింది."

మనీష తలెత్తి చూసింది. ఆమె చేతుల కింద, రక్తంలో, బెల్టు గట్టిగా ఉంది. వీపు మీద ఉంగరం ఖాళీగా ఉంది.

పశువుల ఆసుపత్రికి ఆటోలో పోయారు. కుక్క తల మనీష ఒడిలో ఉంది. దారంతా అది మనీష చేతిని నాకుతూనే ఉంది. రాజామణి ముందు సీటులో తమ్ముడి పక్కన, తాడు చంకలో పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

వరదరాజులు బయట ఆటో దగ్గరే ఆగాడు. డాక్టరు చెయ్యి వేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎట్లమ్మా, విడిపించుకునిందా?"

మనీష నోరు తెరిచింది.

"బెల్టు తెగింది సార్" అంది రాజామణి.

డాక్టరుకు బెల్టుతో పనిలేదు. గుండె వినాలి, అది అడ్డంగా ఉంది, రక్తంతో బిగుసుకుపోయి బకిల్ రావడం లేదు. కత్తెర తీసుకుని రొమ్ము మీద ఒకచోట కోసి, లాగి, పక్క ట్రేలో పడేశాడు. కాసేపు విన్నాడు. సూది తీసుకున్నాడు. నడుము విరిగింది, ఇంక దీన్ని బాధపెట్టేది పాపం అన్నాడు. సూది గుచ్చక్కరలేకపోయింది. అతను మందు లాగుతుండగానే కండె నాకడం ఆపేసింది.

మనీష దాని చెవి పట్టుకుని కూర్చుంది. రాజామణి ట్రే దగ్గరికి పోయి, కోసిన బెల్టును తీసి, పైటకొంగుతో తుడిచి, చేతిలో పట్టుకుంది.

సాయంత్రానికి బెల్టు రాజామణి గుమ్మం పక్క మేకుకు వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది. "మంచి కుట్టని నమ్మినాను. ఇదో, చూడండి. పుటుక్కున తెగింది. నా తాడు చూడండి. ఒక పోగు పోలేదు."

వరదరాజులు కూతురి మీద విరుచుకుపడ్డాడు. "దరిద్రపు సామాను తెచ్చి అక్క పెంచుకున్న కుక్కను చంపినావు గదే! నీ ఉద్యోగమూ నువ్వూ!"

"నాయనా, అది డాక్టరు కోసినాడు. అంచు చూడు. కత్తెర."

"డాక్టరుకు నీ బెల్టు కోసేది తప్ప వేరే పని లేదా?" అంది రాజామణి. "చేసింది చేసి, చచ్చినదాని మీద గూడా అబద్ధాలా? నువ్వు చెయ్యెత్తి పిలవకుంటే అది లేచేదా?"

ఆ చివరి మాట అబద్ధం కాదు. మనీష లోపలికి పోయింది. ఆ రాత్రి ఆమెను అన్నానికి ఎవరూ పిలవలేదు.

మరుసటి రోజు జగన్నాథన్ వచ్చాడు. బెల్టును మేకునుంచి తీసి, తెగిన అంచును వెలుగుకు పట్టి చూశాడు. లాగి తెగిన నూలుకు, కోసిన నూలుకు తేడా నేసేవాడికి చెప్పక్కరలేదు. లాగి తెగితే పోగులు పొట్టీపొడుగూగా పీచు లేస్తాయి. ఇది అరిటాకు కోసినట్టుంది. అతను రాజామణిని చూశాడు. ఆమె అతన్ని చూసింది. చుట్టూ జనం ఉన్నారు.

"తెగిందే" అన్నాడు అతను మెల్లగా, బెల్టును మేకుకు తగిలిస్తూ. "అయ్యో పావం. ముడి మాత్రం నిలిచిండాది. రాజామణి ముడంటే ముడే."

ఆ మాట ఎందుకన్నాడో ఆమెకు ఒక్కదానికే తెలుసు. అతనికి తెలుసని కూడా తెలుసు. ఆ నెలంతా అతను కనిపించినవాళ్ళందరి దగ్గరా ఆ ముడిని పొగిడాడు. టీ అంగట్లో పొగిడాడు. షెడ్డులో యంత్రం పక్కన నిలబడి పొగిడాడు. రాజామణి ఎదురైతే ఇంకా గట్టిగా పొగిడాడు. ఆమె తిట్టు తిరిగి ఇవ్వడం మానేసింది. తల దించుకుని పోయేది. పొగరు పోయి మంచితనం వచ్చిందని వీధి అనుకుంది.

కవిప్రియకు ఆమె అన్న ఒక కుక్కపిల్లను ఇచ్చాడు. తెల్లది, చెవులింకా నిలబడలేదు. దాన్ని రోడ్డు అవతల పాలకేంద్రం దాకా నడిపించాలి. జగన్నాథన్ ఆమెకు సలహా చెప్పాడు. చెప్పడమే కాదు, వెంట వచ్చి, రాజామణి గుమ్మం ఎదుట అరుగు మీద కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"అత్తా, అప్పుడు నన్ను అన్నావు గదా. పోనీలే, మరిచిపోయినాను" అంది కవిప్రియ. "మా పిల్లకు నీ చేత్తో ఒక తాడు కట్టివ్వు. అంగట్లోవి వద్దంట. జగన్నాథన్ మామ చెప్పినాడు."

తాడు ఇంట్లోనే ఉంది. రాజామణి తెచ్చింది. కవిప్రియ పాత సంచీపట్టీతో పిల్లకు రొమ్ముపట్టీ కుట్టుకుని వచ్చింది. వీపు మీద ఉంగరం ఉంది. మనీష లోపలిగది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

రాజామణి తాడు కొసను ఉంగరంలోనుంచి తెచ్చింది. వెనకనుంచి చుట్టింది. అక్కడ వేళ్ళు ఆగాయి. ఇంకొక్క చుట్టు చుట్టి దూర్చి, కొసను తాడుకు రెండు కుట్లు వేస్తే చాలు, అది వదలదు. అట్లాంటి ముడిని ఈ నెలలో ఆమె ఒంటరిగా ఎన్నిసార్లు వేసి చూసిందో, ఎంతసేపు ఊపి చూసిందో ఆమెకే తెలుసు.

"ఏం రాజామణీ, ముడి మారస్తా ఉండావా?" అన్నాడు జగన్నాథన్ అరుగు మీదనుంచి, మెత్తగా. "కండెకు వేసిందే వేయమ్మా. అదే గదా తెగనిది."

రాజామణి కొసను దూర్చి లాగింది. ఒక్క చుట్టే. రెండుసార్లు గట్టిగా లాగి చూపించింది. ముడి బిగిసింది.

"పో" అంది.

కవిప్రియ పిల్లను తీసుకుని సంతోషంగా రోడ్డు వైపు పోయింది. జగన్నాథన్ లేచి పంచె దులుపుకున్నాడు. మనీష అత్తను దాటుకుని బయటికి పరుగెత్తింది.

"యాడికే?" అంది రాజామణి. మనీష తిరిగి చూడలేదు.

వీధి మలుపులో కవిప్రియను అందుకుంది. "అక్కా, ఆగు. ఆ ముడి విప్పుకుంటాది. కొక్కీ వేసుకో, నేను తెచ్చిస్తాను. అంతవరకు ఎత్తుకుని దాటు. నా మాట విను."

కవిప్రియ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు తెచ్చినదానితోనే గదా ఒకటి పోయింది. ఇంకా చాల్లేదా?"

"బెల్టు తెగలేదక్కా. నేను చూసినాను."

"మీ అత్త పెద్దచెయ్యి. పాపం, ఆ చెయ్యి మీద నింద వేసేదానికి నీకు నోరెట్లా వచ్చింది?"

ఆమె పిల్లను పిలుచుకుంటూ ముందుకు నడిచింది. మనీష వెంటపడి ఒంగి పిల్లను ఎత్తుకోబోయింది. కవిప్రియ ఆమె చెయ్యి విసిరికొట్టి, "ముట్టొద్దు" అంది.

రోడ్డు మీద టిప్పర్లు పోతున్నాయి. తెల్లపిల్ల ఒకచోట ఆగి వాసన చూసింది, ఒళ్ళు విదుల్చింది, మళ్ళీ పరుగెత్తింది. తాడు బిగిసింది. వదులైంది. బిగిసింది. మనీష కొంచెం దూరంలో, వాళ్ళ వెనకే నడుస్తోంది.